మా బావ పగలగొట్టిన డ్రమ్ము

చెప్పేవాడెవడో తెలియకపోతే చెప్పే మాట మీద గురి కుదరదు కాబట్టి ముందు నా సంగతి కొంచెం చెప్పుకుంటాను. నేను పల్లెటూరి బడిలో ఐదో తరగతి దాకా చదివినవాణ్ని. ఆ బడికి తలుపుల్లేవు, మా పంతులుగారికి ఓపిక లేదు. ఆ చదువుతోనే ఈ ఊరికి అల్లుడిగా వచ్చి, ఇనుప సామాన్ల కొట్టు పెట్టి, వర్తక సంఘానికి కార్యదర్శినై, మునిసిపాలిటీకి మూడుసార్లు గెలిచాను. బస్టాండులో మంచినీళ్ళ కుళాయిలు వేయించింది నేనే. టౌన్‌హాలు కప్పు కారుతుంటే ఇంటింటికీ తిరిగి కొత్త రేకులు వేయించిందీ నేనే. జాతీయ దినోత్సవ సంఘానికి ఇరవై ఏళ్ళకు పైగా అధ్యక్షుణ్ని. నేను నడిపిన సభ ఒక్కటి కూడా ఆలస్యంగా ముగియలేదు. దానికొక కిటుకు ఉంది. ఉపన్యాసం ఇచ్చే పెద్దమనిషి ఎంతకీ దిగకపోతే, ముందు వరసలో కూర్చున్న నేను జేబులోంచి ఎర్ర రుమాలు తీస్తాను. అది కనపడగానే బ్యాండువాళ్ళు అందుకుంటారు. మైకు ఎంత పెద్దదైనా బ్యాండు ముందు నిలవదు. పెద్దమనిషి నవ్వుకుంటూ దిగిపోతాడు. ఈ కిటుకును పక్క ఊళ్ళవాళ్ళు వచ్చి మరీ నేర్చుకుని వెళ్ళారు.

ఇవన్నీ ఎప్పుడు చెప్పినా రొమ్ము విరుచుకుని చెప్పేవాణ్ని. ఇప్పుడు రుమాలు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గుతోంది. ఎందుకో తెలియాలంటే మా బావ సంగతి చెప్పాలి.

మా బావ అంటే నా భార్యకు అన్న. బస్సుల గ్యారేజీలో సీట్లు కుట్టేవాడు. గ్యారేజీ వెనక రేకుల గది ఆయన రాజ్యం. ఒక మూల రెక్సిన్ చుట్టలు, ఒక మూల కొబ్బరిపీచు, గోడకు వరసగా గుచ్చిన దబ్బనాలు. బస్సెక్కితే ఆయన వెంటనే కూర్చునేవాడు కాదు. సీటు అంచు కుట్టు వేలితో తడిమి చూసి, తనది కాకపోతే నిలబడే ప్రయాణం చేసేవాడు. "ఈ ఊళ్ళో నా సీటు మీద కూర్చోని పెద్దమనిషి లేడు బావా. ఎవరి బరువెంతో నన్నడుగు, పాడైన పీచు చూసి చెబుతా" అనేవాడు. ఆయన భార్య, మా అక్కయ్య, పోయిన తర్వాత రెండుపూటలా మా ఇంట్లోనే తినేవాడు. కూర బాగుంటే ఏమీ అనేవాడు కాదు, బాగోకపోతే చెల్లెల్ని తెగ పొగిడేవాడు. మా ఆవిడ ఆ పొగడ్తలకు వణికిపోయేది.

పని నుంచి దిగాక ఆయన ఊరి బ్యాండులో పెద్ద డ్రమ్ము వాయించేవాడు. ఆ డ్రమ్మును చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళకు చెబుతాను. అది పట్టీలతో మెడకు వేలాడుతూ మనిషి ముందంతా మూసేస్తుంది. తోళ్ళు కుడివైపొకటి, ఎడమవైపొకటి. మోసేవాడికి ఎదురుగా ఏముందో కనపడదు. పక్కవాడి భుజం, బ్యాండు మాస్టారి చేతికర్ర కొస, అంతే ఆయన లోకం. కర్ర పైకి లేస్తే గట్టిగా కొట్టాలి, కిందికి వాలితే తగ్గించాలి. బూరలూ పిల్లనగ్రోవులూ అన్నీ ఆ దెబ్బను పట్టుకునే నడుస్తాయి. పెద్ద డ్రమ్ము ఆగిందంటే బ్యాండు మొత్తం అడుగు తప్పి ఆగిపోతుంది.

బావ కుర్రతనంలో యుద్ధం వచ్చింది. అప్పటికి నేను ఈ ఊరి ముఖం చూడలేదు, మా పల్లెలో గేదెలు కాస్తున్నాను. తర్వాత ఊరంతా చెప్పగా విన్నది ఇది. మన సైనికుల్ని రైలెక్కించే రోజున ఊరి బ్యాండు స్టేషన్లో వాయించింది. మా బావ దేశభక్తితో ఒళ్ళు మరిచిపోయి కొట్టి కొట్టి కుడివైపు తోలు నిలువునా చీల్చేశాడు. ఆ చీలిన డ్రమ్మును టౌన్‌హాల్లో గోడకెక్కించారు. దాని కింద ఇత్తడి పలక పెట్టించింది నేనే. "రణానికి కదిలిన వీరులను సాగనంపుతూ, దేశం కోసం మోగి పగిలిన డ్రమ్ము." ఆ మాటలు నేనే కూర్చాను. చదువుకున్న ప్లీడరుగారు కూడా ఒక్క అక్షరం మార్చలేకపోయారు.

పలక పెట్టిన రోజున బావ దాన్ని చదివి, చొక్కా చేతితో ఒకసారి తుడిచి, "ఇత్తడి బాగుంది" అన్నాడు. మాటల గురించి ఏమీ అనలేదు. కూర బాగున్నప్పటి మౌనమే అనుకున్నాను.

ఇన్నేళ్ళ తర్వాత జాతీయ దినోత్సవం రోజు బావకు బంగారు పూత పతకం ఇవ్వాలని సంఘంలో నేనే ప్రతిపాదించాను. మునిసిపల్ ఛైర్మన్ ఒప్పుకున్నాడు. పండుటాకు, ఇప్పుడు కాకపోతే ఎప్పుడన్నాం. పత్రికలో కూడా పడింది. అది పడిన వారం తిరక్కముందే ఒకావిడ నా కొట్టుకు వచ్చింది. నడివయసు మనిషి, చేతిలో చిన్న సంచి. దూరపు ఊళ్ళో ఆస్పత్రి నర్సునని చెప్పింది.

"డ్రమ్ము పగలగొట్టినాయన మీకు తెలుసా అండీ?"

"తెలియడమేమిటమ్మా, మా బావే!" అని కొట్టు మూసేసి మరీ తీసుకెళ్ళాను.

బావ ఉద్యోగం విడిచి చాలా కాలమైనా గ్యారేజీవాళ్ళు ఆ రేకుల గది ఆయనకే వదిలేశారు. మేం వెళ్ళేసరికి ఒక సీటు ఒళ్ళో పెట్టుకుని కుడుతున్నాడు. ఆమె వంగి ఆయన రెండు చేతులూ పట్టుకుంది, దబ్బనంతో సహా.

"బాబాయిగారూ, మాది ఏటవతలి పేట" అంది.

ఏటవతలి పేట అంటే ఇప్పుడు మార్కెట్ యార్డు ఉన్నచోటు. అక్కడెవరో ఉండేవాళ్ళని, యుద్ధంలో ఎటో వెళ్ళిపోయారని మాత్రమే నేను విన్నాను. ఎటో వెళ్ళిపోవడం కాదని ఆమె చెప్పింది. వాళ్ళ ముత్తాతలు సరిహద్దు అవతలి నుంచి వచ్చినవాళ్ళట. యుద్ధం రాగానే, వాళ్ళు నమ్మకూడని జనమని సర్కారు తేల్చింది. ఇక్కడే పుట్టి, ఇక్కడి బడిలో చదివి, ఇక్కడి జెండాకు వందనం చేసినవాళ్ళను ఉన్నపళంగా స్టేషనుకు తోలుకొచ్చి రైలెక్కించారు. నాలుగు రోజుల్లో పంపించేస్తామన్నారు. ఎవరూ తిరిగి రాలేదు.

"ఆ రోజు మా అమ్మ ఇంత పిల్ల. తోపులాటలో అమ్మమ్మ చెయ్యి జారి వేరే పెట్టెలో పడింది. ఒక్కో పెట్టె ఒక్కో శిబిరానికి. అమ్మమ్మ పక్క పెట్టెలోంచి పేరు పెట్టి అరుస్తూనే ఉందట. బ్యాండు మోతలో ఎవరికి వినపడుతుంది? అప్పుడు పగిలింది మీ డ్రమ్ము. బ్యాండంతా ఒక్క క్షణం ఆగిపోయింది. ఆ ఒక్క క్షణంలో అమ్మకి వాళ్ళమ్మ గొంతు వినపడింది. 'ఇక్కడున్నా' అని అరిచింది. ఎవరో కిటికీలోంచి ఎత్తి అమ్మమ్మకి అందించారు."

నేనే, "మరి సైనికులో?" అన్నాను.

"సైనికులు తలుపుల దగ్గర ఉన్నారండీ, తుపాకులతో" అంది ఆమె నావైపు చూడకుండానే.

తర్వాత సంచిలోంచి ఊలు మఫ్లరొకటి తీసింది. ముడులు అక్కడక్కడా తప్పాయి. "అమ్మకి ఇప్పుడు చేతులు వణుకుతాయి. అయినా మీకోసం తనే అల్లింది. అమ్మమ్మ పోయేదాకా అంటూనే ఉండేది బాబాయిగారూ, 'ఆ డ్రమ్ము కుర్రాడు మనసున్నవాడే, మన ఏడుపు చూడలేక కావాలనే పగలగొట్టేశాడు' అని. ఆ ఊళ్ళో మనకోసం ఒక్కడైనా ఉన్నాడని చెప్పుకుని బతికారు మావాళ్ళు."

బావ మఫ్లరును ఒళ్ళో సీటు మీద పెట్టుకున్నాడు. "ఎన్ని రోజులుంటావమ్మా?" అన్నాడు చివరికి. సభ చూసి వెళతానంది.

మధ్యాహ్నం అన్నం దగ్గర ఆయన కలిపిన ముద్ద కలిపినట్టే ఉంది.

"ఏంటన్నయ్యా, బాగోలేదా?" అంది మా ఆవిడ.

"బాగుంది."

"బాగుంటే బాగుందనవు కదా నువ్వు!"

నేను ఉండబట్టలేక, "బావా, నీకు తెలుసా? రైల్లో వెళ్ళింది ఎవరో నీకు ముందే తెలుసా?" అన్నాను.

చెయ్యి కడిగేసుకుని అరుగు మీదికి వెళ్ళి కూర్చున్నాడు. నేనూ వెళ్ళాను.

"నాకు కనపడలేదన్నది నిజం బావా. డ్రమ్ము అడ్డం. సైనికుల్ని సాగనంపాలిరా అని మాస్టారు తీసుకెళ్ళారు, వెళ్ళాను. ఏడుపులు వినపడ్డాయి. కొడుకులు యుద్ధానికి పోతుంటే తల్లులు ఏడవరా అనుకున్నాను. మాస్టారి కర్ర ఇంకా పైకి లేచింది. ఇంకా గట్టిగా కొట్టాను."

"అదే కదా, నువ్వు నమ్మే కొట్టావు."

"విను. బండి కదిలింది. కొడుకుని పంపిన తల్లి ఎక్కడ ఏడుస్తుంది? ప్లాట్‌ఫారం మీద ఏడుస్తుంది. బండి పోయినా ఏడుపు అక్కడే మిగలాలి కదా? మిగల్లేదు. ఆ ఏడుపు బండితోపాటు వెళ్ళిపోయింది. మా వెనక ప్లాట్‌ఫారం నిశ్శబ్దంగా ఉంది. 'మాస్టారూ, వెళ్ళింది ఎవరు?' అన్నాను. 'దేశం కోసం వెళ్ళినవాళ్ళు' అన్నారు. బూరలవాళ్ళందరూ ఎదురుగా చూసినవాళ్ళే. ఒక్కడూ నా ముఖం చూడలేదు. నేను మళ్ళీ అడగలేదు. అడగకపోతే తెలియనట్టే కదా! ఊరంతా అలాగే బతికాం, మసిపూసి మారేడుకాయ చేసుకుని."

"మరి తోలు పగలడం?"

"మోత ఎక్కువై పగిలింది. ఏడుపుని గెలవాలని కొట్టాను బావా. తోలు మీద ఇలా అరచెయ్యి పెడితే చాలు, మోత చచ్చిపోతుంది. పెట్టలేదు. నేను పగలగొట్టలేదు, అది తట్టుకోలేకపోయింది. నాకన్నా ఆ తోలు నయం."

నేను లోకం తెలిసినవాణ్ని కదా, లోకజ్ఞానం చెప్పాను. "ఆమె అనుకున్నది అనుకోనీ బావా. వాళ్ళకు ఓదార్పు, నీకు గౌరవం. ఊరికీ పరువు. ఎవరికి నష్టం చెప్పు? ఆ ముసలావిడ ఈ వయసులో ఇది వినాలా?"

"నీ పలక మీదా నేనే మంచివాణ్ని, వాళ్ళింట్లోనూ నేనే మంచివాణ్ని. ఇద్దరు మంచివాళ్ళ మధ్యలో నేనెక్కడున్నాను?" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. "అయితే దేశం పరువు నడివీధిలో పెడతావా?" అన్నాను.

"నాకు దేశమంటే ఇష్టమే బావా. పక్కింటివాడు తప్పు చేస్తే కోపమొస్తుంది. మనింటివాడు చేస్తేనే సిగ్గేస్తుంది. ఇష్టం లేకపోతే ఈ సిగ్గు దేనికి?"

మర్నాడు ఆమెను టౌన్‌హాలుకు రమ్మన్నాడు. గోడ మీది డ్రమ్ము కింద నిలబెట్టి, నాతో చెప్పినదంతా ఆమెతో చెప్పాడు. నేను గుమ్మం దగ్గరే ఉండిపోయాను. ఆమె చీలిన తోలువైపు చూసింది.

"ఇది మా అమ్మకి ఎలా చెప్పమంటారు?" అంది.

"నేను చెప్పినట్టే చెప్పమ్మా."

"మీకు తేలికైపోయింది. ఇప్పుడు మొయ్యాల్సింది నేను."

బావ తల దించుకుని మఫ్లరు తిరిగి ఇవ్వబోయాడు. ఆమె తీసుకోలేదు. "అది అమ్మ మీకిచ్చింది. తీసుకెళ్ళడానికి నాకు చేతులు రావు. ఉంచుకోవడానికి మీకు వస్తాయేమో చూసుకోండి" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది. సభకు ఉండలేదు.

ఆమె వెళ్ళింది కాబట్టి అక్కడితో సరి అనుకున్నాను. దినోత్సవం రోజు టౌన్‌హాలు కిటకిటలాడింది. నేను వేయించిన రేకుల కింద జనమంతా ఉక్కతో విసురుకుంటున్నారు. ఛైర్మన్ బావ మెడలో పతకం వేసి, నాలుగు ముక్కలు మాట్లాడమని మైకు ఇచ్చి, దిగి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. బావ జన్మలో మైకు పట్టలేదు. దాన్ని దబ్బనం పట్టినట్టు పట్టుకున్నాడు.

"ఆ రోజు రైల్లో వెళ్ళింది సైనికులు కాదు" అన్నాడు. "ఏటవతలి పేటవాళ్ళు. మన పక్కింటివాళ్ళు. వాళ్ళ ఏడుపు వినపడకుండా మేం వాయించాం. ఈ హాల్లో ఉన్న నా ఈడువాళ్ళకు ఇది తెలుసు."

ముందు వరసలో ముసలివాళ్ళు ఒక్కసారిగా తమ చెప్పులు చూసుకోవడం మొదలుపెట్టారు. వెనకనుంచి ఎవరో, "పెద్దాయనకి మతి చెడింది, దింపండయ్యా!" అన్నాడు. ఛైర్మన్ నావైపు చూశాడు. చూస్తూ ఉండిపోయాడు. నాకు నుదుటి మీంచి చెమట ధార కట్టింది. కళ్ళల్లోకి దిగి మండుతుంటే, ఏమీ ఆలోచించకుండా జేబులో చెయ్యి పెట్టి ముఖం తుడుచుకున్నాను.

ఎర్ర రుమాలుతో.

బ్యాండు అందుకుంది. నేను ఇన్నేళ్ళు నేర్పిన బ్యాండు, ఒక్క క్షణం ఆలస్యం చెయ్యలేదు. బావ పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. ఛైర్మన్ నా తొడ మీద తట్టి, "సమయానికి తీశారండీ. ఎంతైనా మీరు మీరే" అన్నాడు. నేను లేచి రుమాలు ఊపి ఆపమన్నాను. రుమాలు ఊగిన కొద్దీ వాళ్ళు ఇంకా గట్టిగా వాయించారు.

అప్పుడు బావ మైకు కింద పెట్టి, వేదిక దిగి, నెమ్మదిగా బ్యాండులోకి నడిచాడు. పెద్ద డ్రమ్ము వాయించేది మా ఊరి ఎలక్ట్రీషియను. డ్రమ్ము అడ్డం కదా, అతనికి ఎదురుగా వచ్చేదెవరో కనపడలేదు. బావ పక్కనుంచి వెళ్ళి కుడివైపు తోలు మీద అరచెయ్యి ఆనించాడు. ఒక దెబ్బ ఆయన వేళ్ళ మీద పడింది. చెయ్యి తియ్యలేదు. డ్రమ్ము ఆగింది. బూరలు రెండడుగులు తడబడి అవీ ఆగాయి.

బావ అక్కడినుంచే, మైకు లేకుండా, మిగతాది చెప్పాడు. తోలు ఎందుకు పగిలిందో చెప్పాడు. "దీనికి పతకం ఇవ్వకూడదు" అని మెడలోంచి తీసి డ్రమ్ము మీద పెట్టాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ తిట్టలేదు కూడా. ఒక్కొక్కరే లేచి, కుర్చీలు చప్పుడు కాకుండా జరిపి వెళ్ళిపోయారు. నేను నడిపిన సభల్లో అంత త్వరగా ముగిసింది మరొకటి లేదు.

ఇంటికి నడుస్తుంటే ఆయన వేళ్ళు వాచిపోయి ఉన్నాయి. "కావాలనే తీశావా బావా?" అన్నాడు.

"చెమట తుడుచుకున్నాను బావా. ఒట్టు."

"నమ్ముతాలే. నేను కావాలని చెయ్యని మంచికి నాకు పేరొచ్చింది. నువ్వు కావాలని చెయ్యని చెడుకు నీకు పేరొచ్చింది. ఒకే ఇంటివాళ్ళం, సరిపోయింది" అని నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నేను తలతిప్పుకున్నాను. ఊళ్ళో సగంమంది నా చెయ్యి పట్టుకుని ఊరి పరువు కాపాడబోయానని మెచ్చుకున్నారు. ఎంత కాదన్నా వినలేదు. చేసిన పనులకు కూడా నాకు అన్ని మెచ్చుకోళ్ళు రాలేదు.

పలక మాటలు మార్చమని సంఘంలో అడిగాను. మార్చడానికి ఒక్క చెయ్యి కూడా లేవలేదు. తీసెయ్యడానికి మాత్రం అన్నీ లేచాయి. మరలు నేనే విప్పాను. నేను కూర్చిన మాటలు కదా, నా చేత్తోనే దించాను. డ్రమ్ము కింద ఇప్పుడు నాలుగు చిల్లులు మాత్రం ఉన్నాయి.

ఆ నర్సునుంచి కబురేదీ రాలేదు. బావ అప్పుడప్పుడూ, "ఆ ముసలావిడకి చెప్పి ఉంటుందంటావా?" అనేవాడు. ఏమని చెప్పను? ఆయన చివరి చలికాలంలో మంచం మీద వణుకుతుంటే మా ఆవిడ ఆ మఫ్లరు మెడకు చుట్టబోయింది. వాచి వంకరపోయిన ఆ వేళ్ళతోనే పక్కకు జరిపాడు. "అది నాది కాదమ్మా" అన్నాడు. ఆయన పోయాక దాన్ని ఎక్కడికి పంపాలో మాకు తెలియలేదు. బీరువాలో ఉంది.

సంఘం అధ్యక్షపదవి వదిలేశాను. అయినా దినోత్సవానికి వెళతాను, వెనక వరసలో కూర్చుంటాను. రుమాలు తీసుకెళ్ళను. చెమట పడితే చొక్కా చేతికి తుడుచుకుంటాను. "ఇంత పెద్దమనిషివి, చొక్కాలన్నీ మరకలు" అని మా ఆవిడ సణుగుతుంది. సణగనీ. ఉతికితే పోయే మరకలే.